వరాక్టర్ గీత కిందికే పోతుంది

మొన్నటి ఆదివారం మా తమ్ముడి కూతురు ముందుగదిలో దివాను మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కాలేజీ వాళ్లిచ్చిన పనేదో చేసుకుంటుంటే, చాయ్ ఇద్దామని వెళ్లినదాన్ని ఊరికే ఉండలేక తెరలోకి తొంగి చూశాను. వరాక్టర్ డయోడు! వోల్టేజి అని రాసి ఉన్న చిన్న మీటను ఆ పిల్ల వేలితో కుడివైపుకు జరుపుతుంటే, పక్కనే ఉన్న కెపాసిటెన్సు గీత జారుడుబండ మీద పిల్లవాడిలా కిందికి జారిపోతోంది. నేను కప్పు బల్ల మీద పెట్టి, ఎవరితోనో పోట్లాటలో గెలిచినదానిలా, "చూసినవా, కిందికే పోయింది!" అని గట్టిగా అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయి, "కిందికి గాకపోతె ఎటు పోతది అత్తమ్మా?" అంది. ముప్పై అయిదేళ్ల కిందట ఈ మాట ఒక్కరన్నా ఒకాయన ముఖం మీద అడిగి ఉంటే నా మొదటి ఉద్యోగం పోయేది కాదు. ఎవరూ అడగలేదు గనుక నేనే అడగాల్సి వచ్చింది.

మన ఈడు వాళ్లకు రేడియో సంగతి చెప్పనక్కరలేదు. పక్కనున్న గుండ్రటి బిళ్లను తిప్పితే ఎర్రముల్లు జరిగేది, ఒక స్టేషను పోయి ఇంకో స్టేషను వచ్చేది, నడుమ అంతా గరగర. గోదావరి ఒడ్డున బొగ్గుబావుల కాలనీలో మా రెండు గదుల క్వార్టరులో బాపుకు, అంటే మా నాన్నకు, అలాంటి రేడియో ఒకటుండేది. ఆయన డ్యూటీకి పోయిన సమయం చూసి నేను దాని వెనక అట్ట విప్పాను, మా అమ్మ, అంటే అవ్వ, చూసి నా వీపు విమానం మోత మోగించింది. ఆ దెబ్బలకు నాకు దక్కిన విద్య ఏమిటంటే, బిళ్ల తిప్పినప్పుడల్లా లోపల సన్నటి రేకులు ఒకదాని సందులోకి ఒకటి జరుగుతాయని, అవి ఎంత కలిస్తే అంత ఎక్కువ చార్జి దాచుకుంటాయని, స్టేషను మారడమంతా ఆ దాచుకోవడంలోనే ఉందని. ఆ రేకుల గుత్తి చేసే పనంతా వడ్లగింజంత డయోడు ఒకటి చేసిపెడుతుందని పెద్ద చదువులకు వచ్చాక తెలిసింది. దాన్ని తిరగేసి కలిపి వోల్టేజి పెంచుకుంటూ పోతే, లోపల ఇరువైపులా ఉన్న చార్జి ఎడం ఎడంగా జరుగుతుంది, ఎడం పెరిగినకొద్దీ దాచుకునే సామర్థ్యం, అంటే కెపాసిటెన్సు, తగ్గుతుంది. వోల్టేజి పెరిగితే కెపాసిటెన్సు తగ్గుతుంది, అంతే సంగతి. ఈ ఒక్క ముక్క కోసమే నేను కొట్లాడింది.

చదువు అయిపోగానే, కరీంనగర్ ఊరి చివర గుట్టలు తొలిచే క్వారీల దారిలో కొత్తగా వెలసిన ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఎలక్ట్రానిక్సు చెప్పడానికి చేరాను. చైర్మన్ గ్రానైటు వ్యాపారి. ఆయన చెడ్డవాడని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. తనకు అబ్బని చదువు పది మంది పిల్లలకు అబ్బాలని సొంత సొమ్ము పోసి కట్టాడు. వరండాల్లో పరిచిన బండలు అద్దాల్లా మెరిసేవి, వానాకాలంలో వాటి మీద జారిపడని లెక్చరరు లేడు. ఆయనకు అందం అంటే ప్రాణం. ల్యాబులో గోడలు బోసిగా ఉన్నాయని నిర్మల్ నుంచి బొమ్మలు వేసే ఒక పెద్దమనిషిని పిలిపించి, పుస్తకంలో ఉన్న గ్రాఫులన్నింటినీ పెద్ద పెద్ద చెక్కపలకల మీద, నల్లటి నేపథ్యంలో బంగారు రంగుతో వేయించాడు. చుట్టూ లతలు, మూలల్లో చిలుకలు. అంత అందమైన గ్రాఫులు మళ్లీ నేను ఎక్కడా చూడలేదు, ఆ మాట ఒప్పుకుని తీరాలి.

పలకలన్నీ పూర్తయ్యాక చైర్మన్ గారు చూడవచ్చారట. ఇది మా ల్యాబు అటెండరు చెప్పిన సంగతి. అన్నీ పైకి పోయే గీతలే. ఒక్క వరాక్టరు పలక దగ్గర ఆయన కాళ్లు ఆగాయట. "గీ గీత కిందికి పడ్డదేంది? మన కాలేజిల ఏదీ కిందికి పడొద్దు. పైకి పోనియ్యి," అన్నాడట. బొమ్మలు వేసే ఆయనకు గ్రాఫయినా నెమలి అయినా ఒకటే కదా, పాపం, దాని మీద నల్లరంగు పూసి గీతను పైకి తిప్పేశాడు. పొద్దుటెండ కిటికీలోంచి ఏటవాలుగా పడే వేళ ఆ పలక ముందు నిలబడితే, నల్లరంగు కింద పాత గీత ఉబ్బుగా, సన్నగా కనబడేది. వ్యాపారి ఇంట్లో గీత కిందికి పడితే నష్టం, ఆయన్ని ఏమనుకోవడానికి లేదు. అనుకోవలసింది దాన్ని చూస్తూ రోజూ ఆ గదిలోకి వచ్చిపోయే చదువుకున్న వాళ్లను.

మా శాఖ హెడ్డు సారుకు అంతా తెలుసు. చేరిన వారంలోనే నేను ఆ పలక తప్పని చెప్తే నవ్వి, "దాని జోలికి పోకుమ్మా, అది పుస్తకంల గీత గాదు, చైర్మన్ సారు గీత," అన్నాడు. మరి పిల్లలు ప్రయోగం చేసినప్పుడు నిజం బయటపడదా అంటే, ప్రయోగం చేస్తే కదా! కెపాసిటెన్సు కొలిచే మీటరు మా కాలేజీకి లేదు. ఆ రోజుల్లో ప్రైవేటు కాలేజీల్లో పనిచేసిన వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ ముసిముసిగా నవ్వుకుంటారు. తనిఖీ బృందం వస్తుందంటే చాలు, ఒక కాలేజీ సామాను ఇంకో కాలేజీకి వ్యాన్లలో తరలేది, మీటర్ల మీద పేరు చీటీలు మారేవి, ఒక్కోసారి లెక్చరర్లు కూడా ఆ వ్యాన్లలోనే వచ్చేవాళ్లు. మా మీటరు కూడా అలాంటి చుట్టమే. తనిఖీకి ముందురోజు దిగేది, బృందం భోజనానికి లేవగానే బండెక్కేది. పిల్లలు పలకను చూసి ముందు గ్రాఫు గీసుకుని, దానికి తగ్గ అంకెలు తరువాత రాసుకునేవాళ్లు. అందరూ అలాగే చేస్తుంటే అది మోసమని ఎవరికీ అనిపించదు.

ఆ ఏడు ల్యాబు పరీక్షలకు ముందు రికార్డులు సంతకానికి నా బల్ల మీదికి వచ్చాయి. అన్నింటిలోనూ వరాక్టరు గీత బ్రహ్మాండంగా పైకి పోతోంది. కొందరు పలక చుట్టూ ఉన్న లతలు కూడా దించారు. ఒక మహానుభావుడు మూలన చిలుకను వేసి దాని ముక్కుకు ఎర్ర రంగు కూడా దిద్దాడు. నేను మిగతా పేజీలన్నింటి మీదా సంతకాలు పెట్టి ఆ ఒక్క పేజీ వదిలేశాను. అది లేనిదే పిల్లలకు పరీక్ష హాలులోకి ప్రవేశం లేదు. సాయంత్రానికి పిల్లలు హెడ్డు దగ్గరికి, హెడ్డు చైర్మన్ దగ్గరికి పోయారు, మర్నాడు నాకు పిలుపు వచ్చింది. చైర్మన్ గారు కోప్పడలేదు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, ఆ తరువాత నెమ్మదిగా చెప్పాడు. "చూడమ్మా, పరీక్షలున్నయ్, గవి కాంగనే తనిఖీ ఉన్నది. పిల్లలను పరేషాన్ చెయ్యకు. నువ్వు పెడితె పెట్టు, లేకపోతె నీ కుర్చీల కూసోని సంతకం పెట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు." అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బాపు రిటైరయ్యాడు, తమ్ముడు చదువుకుంటున్నాడు, ఇంట్లో జీతమన్నది నాదొక్కటే. ఆ చాయ్ తాగకుండా లేచి వచ్చాను.

ఇక్కడ బాపు గురించి కాస్త చెప్పుకోవాలి. ఆయన భూమి లోపల బావిలో సర్దారు. కూలీలు పనిలోకి దిగే ముందు చేతికర్రతో పైకప్పును కొట్టి, ఆ చప్పుడు విని, గట్టిగా ఉందో వదులైందో తేల్చి, సరే అనుకుంటేనే సంతకం పెట్టాలి. గట్టి బండ ఖంగుమంటుంది, వదులైన బండ డొల్లగా పలుకుతుంది. షిఫ్టు ఆలస్యమవుతోందని వెనక ఉన్నవాళ్లు ఎంత గొణిగినా ఆయన ఒక్క జాగా కూడా కొట్టకుండా వదిలేవాడు కాదని, దానికి ఆయనకు పెట్టిన పేర్లు ఇక్కడ రాయదగినవి కావని కాలనీలో అందరికీ తెలుసు. ఇంటికొచ్చి చైర్మన్ మాట చెప్పుకుని నేను ఏడిస్తే, ఆయన రేడియో శబ్దం తగ్గించి, "సప్పుడు ఇనకుంట సంతకం పెట్టద్దు బిడ్డా. కొలువు పోతె ఇంకోటి దొరుకుతది," అని మళ్లీ శబ్దం పెంచాడు. అవ్వ మాత్రం రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. ఆమెదీ తప్పు కాదు, పొయ్యి మీద కుండ పెట్టేది ఆమే కదా.

సరే, చప్పుడు ఎలా వినాలి? మీటరు లేదు, కొనివ్వరు. మాటలతో చెప్తే హెడ్డు నవ్వుతాడు. అప్పుడే నాకు కంప్యూటరు గుర్తొచ్చింది. నిజం డయోడును ముట్టకుండానే దాని స్వభావాన్ని లెక్కల రూపంలో కంప్యూటరుకు చెప్పి, ఇంత వోల్టేజి ఇస్తే ఇది ఏం చేస్తుందో దాని చేతే చెప్పించవచ్చు. దీన్నే ఇప్పటి పిల్లలు సిమ్యులేషన్ అని మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అంటున్నారు. అప్పుడు మాకు కంప్యూటరు గది అంటే గర్భగుడి. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి, చల్లటి గాలి మిషను మనుషులకు కాదు కంప్యూటర్లకు, ఇతర శాఖల వాళ్లు గడప తొక్కకూడదు. ఆ గదికి పెద్ద, కరీంనగర్ పాతబజారు వైపు ముస్లిముల ఇంటి ఆడపడుచు, నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, అందరం ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్లం. నా కథ సాంతం విని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. "ఎప్పుడు కావాలంటె అప్పుడు రా. చెప్పులు బయట విడువు, ఫికర్ గూడ బయటనే విడువు," అంది.

సర్క్యూట్ల లెక్కలు కట్టే ప్రోగ్రాము ఒకటి నాతో చదివిన స్నేహితురాలు ఫ్లాపీలో ఇచ్చింది. ఖాళీ పీరియడ్లన్నీ ఆపా పక్కన కూర్చుని అందులో డయోడును, దానికిచ్చే వోల్టేజిని ఒక్కొక్క వరుసగా టైపు చేశాను. అంతా ఒకసారి సరిచూసుకుని నడిపించాను. తెర మీద గీత వచ్చింది. పైకీ పోలేదు, కిందికీ పోలేదు, ఎడమ నుంచి కుడికి నేల బారున సున్నా మీద పడి ఉంది. "ఏందమ్మా, నీ గీత పండుకున్నది!" అంది ఆపా. నాకు కళ్లనీళ్లు తిరిగినంత పనయింది. చైర్మన్ గీత పైకి పోతే, నా గీత అసలు లేవనే లేదు!

ఎంతసేపు తల పట్టుకున్నానో గాని, చివరికి లోపం దొరికింది. వోల్టేజి ఏమీ లేనప్పుడు ఆ డయోడు ఎంత కెపాసిటెన్సుతో మొదలవుతుందో మనం చెప్పాలి. చెప్పకపోతే ప్రోగ్రాము దాన్ని సున్నా అనుకుంటుంది. సున్నాను ఎంత తగ్గించినా సున్నాయే. కంప్యూటరు తనంత తానుగా ఏ నిజమూ చెప్పదని, మనం ఇచ్చిన దాన్నే లెక్కగట్టి మనకు వడ్డిస్తుందని ఆ రోజు నాకు తెలిసివచ్చింది. మరి ఆ మొదటి అంకె ఎక్కణ్ణుంచి తేవాలి? పలక మీద నుంచి కాదు కదా. నిజం డయోడు నుంచే తేవాలి.

ఆపా వాళ్ల అన్నకు ఊళ్లో టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. పాడైన టీవీల్లో చానళ్లు పట్టే డబ్బాల్లోంచి కొన్ని వరాక్టర్లు ఊడదీసి, "తీస్కపో బేటీ, కాల్చినా పర్వాలే," అని పొట్లం కట్టి ఇచ్చాడు. పెన్ను గొట్టం మీద రాగి తీగ చుట్టి కాయిలు చేశాను. కాయిలును, డయోడును కలిపితే పాత రేడియోలాంటిదే అయింది. ఒకానొక పౌనఃపున్యం దగ్గర అది బాగా పలుకుతుంది, ఆ పౌనఃపున్యం తెలిస్తే డయోడు కెపాసిటెన్సు ఎంతో లెక్క కట్టవచ్చు. దానికి మీటరు అక్కరలేదు, ల్యాబులో దుమ్ము పట్టి ఉన్న సిగ్నల్ జనరేటరు, ఆసిలోస్కోపు చాలు. ఇన్నాళ్లూ మీటరు లేదు మీటరు లేదు అని మేమంతా చేతులు కట్టుకుని కూర్చున్నామంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిల్లలు మొదట నామీద కారాలు మిరియాలు నూరారు. ఒక్క పేజీ కోసం ఇంత రాద్ధాంతమా అన్నారు. నాతో పాటు ల్యాబులో నిలబడడానికి మొదట వచ్చింది ఖానాపూర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. ఇంట్లో మక్కలు, పసుపు పండించేవాళ్లు. చెప్పిందల్లా నమ్మే రకం కాదు, ప్రతిదానికీ ఎందుకని అడిగి ప్రాణం తీసేది. మేమిద్దరం డయోడుకు వోల్టేజి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, అది ఎక్కడ బాగా పలుకుతుందో పట్టుకునేవాళ్లం. చెయ్యి కాస్త దగ్గరికి పోతే చాలు, తెర మీద బొమ్మ జరిగిపోయేది. ఊపిరి బిగబట్టి, చేతులు వెనక్కి కట్టుకుని చూసేవాళ్లం. వోల్టేజి పెంచినకొద్దీ పౌనఃపున్యం పెరిగింది, అంటే కెపాసిటెన్సు తగ్గింది. కాగితం మీద చుక్కలు కలుపుతుంటే గీత కిందికి దిగింది. కళ్లారా చూశాను. అంత ఆనందం నా పెళ్లినాడు కూడా కలగలేదు, ఈ మాట మా ఆయన చదివినా నాకేం ఇబ్బంది లేదు.

కొలిచిన మొదటి అంకెను కంప్యూటరుకు ఇచ్చి మళ్లీ నడిపిస్తే, ఈసారి గీత లేచింది, లేచి కిందికి వంగింది. కానీ మా చుక్కల మీద కూర్చోలేదు. పుస్తకంలో చెప్పిన లెక్క ప్రకారం కంప్యూటరు గీత మెల్లగా దిగుతోంది, మా డయోడు అంతకంటే నిటారుగా పడుతోంది. ఖానాపూర్ అమ్మాయి నా ముఖం చూసి, "మేడం, మీ గీత గూడ తప్పేనా?" అంది. "తప్పే," అన్నాను. టీవీల్లో వాడే డయోడులను ఎక్కువ స్టేషన్లు అందడానికి కావాలనే అలా చేస్తారని ఆపా వాళ్ల అన్న దుకాణంలో ఉన్న పాత కంపెనీ పుస్తకంలో చూసుకున్నాం. లెక్కలో ఎంత వేగంగా పడాలో చెప్పే అంకెను కాస్త కాస్త మార్చుకుంటూ పోయాం. చివరికి కంప్యూటరు గీత వచ్చి మా చుక్కల మీద చక్కగా కూర్చుంది. ఆపా లేచి వెళ్లి బయట గుమ్మం దగ్గర ఉన్న పిల్లలందర్నీ పిలిచింది.

ఆ తరువాత చూడాలి. కంప్యూటరు గది గుమ్మం ముందు చెప్పుల గుట్ట పడింది. నూరిన మిరియాలన్నీ మరిచిపోయి, వోల్టేజి నేను మారుస్తా అంటే నేను మారుస్తా అని కొట్టుకున్నారు. పగలంతా జట్లు జట్లుగా ల్యాబులో కొలిచారు, కంప్యూటరులో నడిపించారు, ఆ ఒక్క పేజీ మళ్లీ రాశారు. ఒకరి అంకెలు ఒకరితో కలవలేదు, ఎందుకంటే ఒకరి డయోడు ఒకరిది కాదు. కలవని ఆ అంకెలను చూస్తే నాకు ఎంత గర్వంగా ఉండేదో. అన్నింటి మీదా సంతకాలు పెట్టాను, పిల్లలు పరీక్షలు రాశారు.

ఇప్పుడు చిక్కు చైర్మన్ గారికి వచ్చింది. తనిఖీకి వచ్చినవాళ్లు రికార్డులో ఒక గీత, గోడ మీద ఒక గీత చూస్తే ఏమనుకుంటారు? రికార్డులు మళ్లీ పలక ప్రకారం రాయించమన్నాడు, నేను ససేమిరా అన్నాను. అయితే నేను మొండిదాన్నే గాని మూర్ఖురాలిని కాదు. ఆయనకు ఒక దారి కూడా చూపించాను. పలక మీద గీత అలాగే పైకి పోనివ్వండి, పక్కన కెపాసిటెన్సు అని ఉన్నచోట పౌనఃపున్యం అని రాయించండి, వోల్టేజి పెరిగితే అది నిజంగానే పైకి పోతుంది, మీ గీతా నిలబడుతుంది, నిజమూ నిలబడుతుంది అన్నాను. హెడ్డు సారు కూడా, భేషైన ఉపాయం అన్నాడు. చైర్మన్ ఒప్పుకుంటాడనే అనుకున్నాను. కానీ చివరికి తల అడ్డంగా ఊపి, "పలక మీద చెయ్యి పెడితె నేను తప్పు చేసిన్నని అందరికి చెప్పినట్టె. చెయ్యి పెట్టేది లేదు. తనిఖీ నాడు నువ్వు ఇంటికాడనే ఉండు," అన్నాడు.

నేను ఇంట్లో ఉండలేదు. మంచి చీర కట్టుకుని అందరికంటే ముందు వెళ్లి ల్యాబులో నిలబడ్డాను. తనిఖీ బృందంలోని పెద్దాయన ఆ పలకలను చూసి ముచ్చటపడ్డాడు, ఇది నిర్మల్ పనితనం కదా అని లతలను వేలితో తడిమాడు. వరాక్టరు పలక దగ్గరికి వచ్చి ఆగాడు. ఇదేమిటి ఇలా ఉంది అన్నాడు. హెడ్డు సారు పైన తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాడు. చైర్మన్ గారు నావైపు చూశాడు, ఆ చూపులో బెదిరింపు ఎంతుందో బతిమాలడం కూడా అంతే ఉంది. నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి ఖానాపూర్ అమ్మాయి గొంతు వినిపించింది. "సార్, పలక చైర్మన్ సారు చెప్పినట్టు ఇన్నది. డయోడు మాత్రం చైర్మన్ సారు చెప్పినట్టు ఇనలే, మా మేడం చెప్పినట్టు గూడ ఇనలే. దాని ఇష్టమున్నట్టు కిందికి పడ్డది. కావాలంటె ఇప్పుడె చూపిస్తం."

ఆ పెద్దాయన పగలబడి నవ్వాడు. చూపించమన్నాడు, చూశాడు, ఆ అమ్మాయి భుజం తట్టాడు, కాలేజీకి గుర్తింపు కూడా ఇచ్చి వెళ్లాడు. ఏ నష్టమూ జరగలేదు. అయినా ఆ సాయంత్రమే నన్ను పిలిచి, రేపటి నుంచి రావద్దన్నారు. చైర్మన్ గారు తలెత్తి చూడకుండానే, "నీ చదువు మంచిదే గని, నా దగ్గర నీకు జాగ లేదమ్మా," అన్నాడు. మీ పలకలు చాలా అందంగా ఉన్నాయి సార్ అని చెప్పి వచ్చేశాను. నిజమే చెప్పాను.

కొలువు పోయాక ఇంట్లో పడిన కష్టాలు ఇక్కడ ఏకరువు పెట్టను, అవి అందరివీ ఒకేలా ఉంటాయి. కొన్నాళ్లకు ఆదిలాబాద్‌లో ఒక పాలిటెక్నిక్‌లో దొరికింది. సగం మరాఠీ, సగం తెలుగు మాట్లాడే పిల్లల మధ్య రిటైరయ్యేదాకా అక్కడే ఉండి, ఆ తరువాత కరీంనగర్‌కు వచ్చి స్థిరపడ్డాను. నేను వచ్చేసిన మరుసటి ఏడు పాత కాలేజీలో పిల్లలు మళ్లీ పలక చూసే రికార్డులు రాశారని, ఎవరో సంతకాలు పెట్టారని ఆపా ఫోనులో చెప్పింది. చెప్పి, అంత చేసి ఏం లాభమైందమ్మా అని ఆమే బాధపడింది. ఈ ప్రశ్న మా బంధువులు అడిగారు, పెళ్లయ్యాక మా ఆయన అడిగాడు, ఇప్పుడు మీరూ అడుగుతారు. నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఒక్క బ్యాచి పిల్లలు ఆ గీత కిందికి పడడం తమ కళ్లతో చూశారు. ఒక్క బ్యాచి. అది చాలదని నన్ను ఎవరూ ఒప్పించలేరు. మళ్లీ ఆ వయసు వస్తే మళ్లీ అదే చేస్తాను, ఈసారి ఆ చాయ్ కూడా తాగి మరీ చేస్తాను.

ఇప్పుడు కాలం మారింది, కాదనను. కెపాసిటెన్సు మీటరు కూరగాయల సంచిలో పట్టేంతయింది, కంప్యూటరు గదికి చెప్పులు విడిచే పని లేదు, అసలు ఆ గదే లేదు, అది ప్రతి పిల్ల ఒళ్లోనూ ఉంది. గీత తప్పు వచ్చే ప్రసక్తే లేదు. కానీ ఒకరు నడిపించిన సిమ్యులేషన్ ఫైలు ఫోన్లలో చేతులు మారి, పేరు ఒక్కటి మార్చుకుని తరగతి మొత్తానిదీ అవుతుందని, అందరి అంకెలూ చివరి దశాంశం దాకా ఒకటేనని విన్నప్పుడు నాకు మనసు చివుక్కుమంటుంది. అప్పుడు పిల్లలు తప్పు గీతను చూసి రాసేవాళ్లు, ఇప్పుడు సరైన గీతను చూడకుండా రాస్తున్నారు. ఊపిరి బిగబట్టి, చేతులు వెనక్కి కట్టుకుని తెర వైపు చూసిన ఆ మధ్యాహ్నాలు వీళ్లకు లేవు. అది తలుచుకుంటే వీళ్ల మీద కోపం రాదు, జాలి వేస్తుంది.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం ఖానాపూర్ అమ్మాయి ఫోను చేసింది. అమ్మాయి అంటున్నాను గాని తనకూ ఇప్పుడు జుట్టు నెరిసింది, ఈ చుట్టుపక్కలే ఒక కాలేజీలో పెద్ద హోదాలో ఉంది, రిటైరవడానికి ఇంకా కొన్నేళ్లుంది. ఏడాదంతా కాలేజీ మొఖం చూడని పిల్లలు సిమ్యులేషన్ ప్రయోగాలన్నీ చేసినట్టు మార్కులు వేసి సంతకం పెట్టమని యాజమాన్యం వాళ్లు పొద్దున్నే చెప్పారట. "పెట్టలే మేడం," అంది. తరువాత ఏమైందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. పెద్దదాన్ని గనుక, ఇంట్లో పిల్లల చదువులున్నాయి కదా, కాస్త ఆలోచించుకోవలసింది అని ఒక మాట అనాలి. ఆ మాట నా నోటికి రాలేదు. ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావని మాత్రం అడిగాను. కరీంనగర్ బస్టాండులో ఉన్నానని, ఇంటికి పోబుద్ధి కావడం లేదని చెప్పింది. ఆటో ఎక్కి తిన్నగా మా ఇంటికి రమ్మని చెప్పి, పొయ్యి మీద ఇద్దరికి అన్నం పెట్టాను.